వెర్నా ఉతికిన శాలువా

వెర్నా ట్రెలోర్‌కు నీలగిరి నూనె వాసన రాదు. ఆ సంగతి ఆమెకు తప్ప చుట్టుపక్కల అందరికీ తెలుసు.

తెలిసినా ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని ఎవరికీ అనిపించలేదు. ఆమె పుట్టిందే నూనెబట్టీ పక్కన. తాత తవ్విన గోతిలో తండ్రి ఇనుప బాన దింపాడు. భర్త కీత్ పోయాక బాయిలర్ ఆరకుండా చూసుకుంటూ వచ్చింది ఆమే. ట్రక్కెడు జామాయిల్ కొమ్మలు బానలో వేసి తొక్కి, మూత బిగించి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తి ఆవిరి వదిలితే, గొట్టం రెండో కొసన నీళ్లమీద నూనె తేలుతుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ గాలే పీల్చిన ముక్కుకు అది మామూలు గాలి అయిపోయింది. ఊళ్లో బేకరీలోకి ఆమె అడుగు పెడితే, వరుసలో నిలబడ్డవాళ్లు వెనక్కి తిరక్కుండానే "ఏం వెర్నా, ఎలా ఉన్నావ్?" అనేవాళ్లు. తన బూట్ల చప్పుడు గుర్తుపట్టారనుకునేది.

మిగతా వాసనలన్నీ ఆమెకు శుభ్రంగా తెలిసేవి. రొట్టె మాడినా, పాలు విరిగినా, వాన రాబోతున్నా అందరికంటే ముందు చెప్పేది. అందుకే తన ముక్కు మీద ఆమెకు ఎప్పుడూ అనుమానం రాలేదు.

నూనె మీద అసలే లేదు. గొర్రెల గిట్టలకు నూనె. నేలకు నూనె. మోకాళ్లకు, జలుబుకు, జిగురు వదలని స్టిక్కర్లకు నూనె. కీత్‌ను పూడ్చిన రోజు చేతిరుమాలు మీద ఇంత ఒంపుకుని వెళ్లింది. బట్టీలో ఆమెతో పాతికేళ్లుగా పనిచేస్తున్న మెర్వ్ ఆ మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

"ఆ రోజు చర్చిలో అంతమంది ఏడ్చింది కీత్ కోసం కాదు వెర్నా. నీ రుమాలు దెబ్బకి."

"నీ కళ్లు ముందే పాడు. నా రుమాలుని అంటావేం," అనేది వెర్నా.

ఒక్కడే కొడుకు, హామిష్. మెల్‌బోర్న్‌లో పంపుసెట్లు బాగుచేసే పని. పెళ్లాడింది తాలియాను. తాలియాది పరిమళ తైలాల పని. బాలింతల ఇళ్లకు వెళ్లి, ఒకరికి నిద్రపట్టడానికి లావెండర్, ఒకరికి ఊరికే వచ్చే ఏడుపు తగ్గడానికి కమలా తొక్క నూనె, ఇలా మనిషిని బట్టి కలిపి ఇస్తుంది. నిద్రలేక వంగిపోయిన తండ్రుల భుజాలకు మర్దన కూడా చేస్తుంది. మొదటిసారి అత్తగారింటికి వచ్చినప్పుడు ఆమె చిన్న సీసాలన్నీ వంటగది బల్ల మీద పేర్చి చూపించింది.

"ఎంత వాడతావ్?" అంది వెర్నా.

"మనిషికి ఒక చుక్క. ఒక్కోసారి రెండు."

"ఒక చుక్కా? మా ఇంట్లో చీమ కూడా దాన్ని లెక్కచెయ్యదు."

తాలియా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కారు దిగిన దగ్గర్నుంచీ ఆమె కళ్లు మండుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో దిండ్లకూ అదే వాసన, టీ కప్పులకూ అదే వాసన. "రెండ్రోజులుంటే అలవాటైపోతుందిలే," అంది వెర్నా.

కాన్పు కష్టమైంది. చివరికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, ఎడీ అని పేరు పెట్టుకున్నారు. తాలియా మంచం దిగాలంటే ఇంకో మనిషి సాయం కావాల్సి వచ్చేది. అటు వెర్నాకు తుంటి నొప్పి. ఆ శీతాకాలం కొమ్మలు కోయించడం ఆమె వల్ల అయ్యేలా లేదు. హామిష్ సెలవు పెట్టి, పెళ్లాన్నీ బిడ్డనూ తీసుకుని పొలానికి వచ్చేశాడు. రెండు కష్టాలూ ఒకచోట తీరతాయనుకున్నారు.

వచ్చిన రోజే తాలియా ఒక మాట అడిగింది. ఆమె కుర్చీలో ఒక పక్కకు ఒరిగి, కుట్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"వెర్నా, నొచ్చుకోకు. బిడ్డకి మూడు నెలలు దాటేదాకా ఏ నూనే తగలకూడదు. నావి కూడా. ముఖ్యంగా నీ నూనె. పెద్దవాళ్లకి ముక్కు తెరిపించేదే అంత పసివాళ్లకి ఊపిరి ఆపేస్తుంది. ఛాతీకి రాయడం, దిండు మీద చల్లడం, ఏదీ వద్దు."

"హామిష్‌కి అన్నీ చేశాను. వాడికేమైంది?"

"అతనికేం కాలేదు. అది అతని అదృష్టం. నాకు మాటివ్వు."

వెర్నా కోడలి ముఖంలోకి చూసింది. పాలిపోయి ఉంది. "ఇచ్చాను," అంది.

ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. వంటగదిలో ఉండే సీసాను అలమార పైఅరలోకి ఎక్కించింది. బట్టీ నుంచి రాగానే చేతులు మోచేతుల దాకా మామూలు సబ్బుతో రుద్దుకుని గానీ బిడ్డను ముట్టుకునేది కాదు. ఎడీ ముక్కు కాస్త గురగురలాడిన రోజు, పైఅర వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. ఆ నిగ్రహానికి తనను తానే మెచ్చుకుంది.

చిక్కంతా ఉన్ని దగ్గర వచ్చింది.

ఆ చుట్టుపక్కల ఇళ్లలో ఉన్నిబట్టల్ని మామూలుగా ఉతకరు. సబ్బు తురుము, కాస్త స్పిరిట్, నీలగిరి నూనె కలిపి ఒక ముద్ద చేసుకుంటారు. దాన్ని గోరువెచ్చని నీళ్లలో కరిగించి, బట్టను ముంచి, మెల్లగా పిసికి, పిండి ఆరేస్తారు. జాడించరు. జాడిస్తే ఉన్ని గరుకెక్కుతుంది, పురుగు పడుతుంది. అమ్మలు అలాగే చేశారు, అమ్మమ్మలు అలాగే చేశారు. నూనె ఎంత వెయ్యాలో వెర్నాకు తల్లి చెప్పిన కొలత ఒక్కటే: వాసన ముక్కుకి తగిలేదాకా పొయ్యి.

ఎడీ కోసం తెల్లటి మెరినో గొర్రె ఉన్ని శాలువా ఒకటి తీసింది వెర్నా. హామిష్‌ను పసివాడప్పుడు చుట్టిందే. అంచుల నిండా మెత్తని కుచ్చులు. ముద్ద కలుపుతూ, బట్టీ డబ్బాలోంచి తెచ్చిన నూనె పోసింది. వాసన రాలేదు. ఇంకాస్త పోసింది. ఈ ఏడాది ఆకులో పస లేదనుకుంటూ ఇంకాస్త పోసింది. ఇది బిడ్డకు నూనె రాయడమని ఆమెకు తోచనే లేదు. ఇది ఉతుకు. ఆమె లెక్కలో సబ్బు సబ్బే.

మొదటిసారి బిడ్డకు ఆ శాలువా చుట్టినప్పుడు తాలియా ముఖం దగ్గరగా పెట్టి ఆగింది.

"దీనికి నూనె వాసన వస్తోందా హామిష్?"

"ఈ ఇంట్లో ఉప్పుకి కూడా వస్తుంది. నన్నడుగుతావేం, నేను పుట్టిందే దాంట్లో," అన్నాడు హామిష్.

ముగ్గురూ నవ్వారు. తాలియా తన మణికట్టు వాసన చూసుకుంది, దిండు వాసన చూసింది, కర్టెన్ వాసన చూసింది. అన్నీ ఒకటే. కొన్నాళ్లకు అదీ పోయింది. కళ్లు మండటం ఆగింది. బతుకుతెరువు కోసం ముక్కును నమ్ముకున్న మనిషి, ఆ ఇంటి గాలికి లొంగిపోయింది. లొంగిపోయానని ఆమెకూ తెలియలేదు.

ఎడీ బాగా నిద్రపోయేది.

మొదట్లో అది అందరికీ సంతోషమే. బాలింతకు విశ్రాంతి దొరికింది, హామిష్ పొద్దున్నే కోతకు పోగలిగేవాడు. "వీడు ఇలా నిద్రపోయుంటే నాకు ఇంకో ఇద్దరు ఉండేవాళ్లు," అని వెర్నా కొడుకును చూపించి అనేది. అక్కడ జూన్ అంటే చలికాలం; బయట మంచు జామాయిల్ పొదల మీద మధ్యాహ్నం దాకా కదలకుండా ఉండేది. కిటికీలు బిగించి, కట్టెల పొయ్యి రాజేసి, దాని వెచ్చదనం తగిలేలా బిడ్డ బుట్టను పెట్టేవాళ్లు. పొయ్యి ఎంత వేడెక్కితే శాలువా అంత మెత్తబడేది.

నగెట్ అనే ముసలి కుక్క ఉండేది ఆ ఇంట్లో. ఎడీ వచ్చిన కొత్తలో బుట్ట కింద పడుకునేది. ఒకరోజు లేచి వరండాలోకి వెళ్లి కూర్చుంది. మాంసం ముక్క చూపించినా గడప దాటి రాలేదు. గడ్డకట్టే చలిలో, మూసిన తలుపు వైపు చూస్తూ బయటే పడుకుంది.

"కుళ్లు. ఇంట్లోకి చిన్నది వచ్చేసరికి దానికి కుళ్లు," అంది వెర్నా.

ఎడీ ఏడుపు సన్నబడింది. ముందు గొంతెత్తి ఏడ్చేది, తర్వాత పిల్లికూనలా, ఆ తర్వాత నోరు తెరిచి, శబ్దం రాకముందే అలసిపోయి, శాలువా కుచ్చులు చప్పరిస్తూ కళ్లు మూసేది. రొమ్ముకు పట్టుకుంటే రెండు గుక్కలు తాగి వదిలేసేది. పసిపిల్లల్ని చూడటానికి ఇంటికి వచ్చే నర్సు గ్రెటా, ఆ ఇంటి వాసన తెలిసిందేనన్నట్టు ముక్కు తుడుచుకుని, బిడ్డను తూచి, మళ్లీ తూచింది.

"పోయినసారి ఎంతుందో అంతే ఉంది తల్లీ. లేపి లేపి తాగించు. శుక్రవారానికి కూడా పెరక్కపోతే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం."

ఆమె వెళ్లాక తాలియా బుట్ట పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

"రొమ్ములు రాయిలా గట్టిపడిపోయాయి వెర్నా. దానికి ఆకలే లేదు. ఎక్కడో ఏదో తేడాగా ఉంది."

"నీకు నిద్రలేదు. అదీ తేడా. నీ లావెండర్ ఒక చుక్క వాసన చూసుకుని పడుకో," అంది వెర్నా. ఆ మాట ప్రేమతోనే అంది. అంటూ, జారిన శాలువాను బిడ్డ గడ్డం దాకా లాగింది.

శుక్రవారం రాకముందే తాలియా కుట్లు చూపించుకోవాల్సిన రోజు వచ్చింది. బెండిగో పట్నం ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డను కూడా తీసుకెళ్తానంది తాలియా.

"ఈ మంచులోనా? గంట ప్రయాణం! పాలు తీసి సీసాలో పెట్టు, నేను తాగిస్తాను. ఒక్క పూట నన్ను నమ్మలేవా?" అంది వెర్నా.

హామిష్ ముందు అత్తను కాదనలేకపోయింది తాలియా. కారు గేటు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉంది. వెర్నా తలుపు వేసి, పొయ్యిలో ఇంకో దుంగ వేసి, ముందురోజే ఉతికి ఆరేసిన శాలువాను బిడ్డ చుట్టూ మరో మడత బిగించింది.

మెర్వ్ వచ్చింది ఆ పూటే. కంటి ఆపరేషన్ చేయించుకుని, సముద్రం ఒడ్డున చెల్లెలి ఇంట్లో కొన్ని వారాలు ఉండి వచ్చాడు. కొత్త చొక్కా, కొత్త కళ్లద్దాలు, చేతిలో పిల్లకు ఉన్ని ఏనుగుబొమ్మ. గడపలోనే దగ్గాడు.

"అబ్బా! ఊరొదిలి వెళ్తే గానీ తెలీలేదు, ఇన్నేళ్లూ ఎందులో బతికానో. ఏదీ, మహారాణి ఎక్కడ?"

బుట్ట మీదకు వంగాడు. వెంటనే తల వెనక్కి లాక్కుని అద్దాలు తీసి కళ్లు నలుపుకున్నాడు.

"ఏంటి వెర్నా, పిల్లని బానలోంచి తీశావా ఏంటి?"

"నీ ముఖం. దానికి నూనె చుక్క తగలనివ్వలేదు. తాలియాకి మాటిచ్చాను."

"చుక్కా? డబ్బా పోసినట్టుంది ఇక్కడ. చూడు, నా కళ్లు చూడు."

వెర్నా వంగి శాలువా అంచును ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉన్ని వాసన. పాల వాసన. పొయ్యి పొగ వాసన. అంతకు మించి ఏమీ లేదు. మెర్వ్ కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి, అతను వేళాకోళం ఆడటం లేదు.

"ఏం రావట్లేదే," అంది.

"నీకెలా వస్తుంది?" అన్నాడు మెర్వ్. అని, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "వెర్నా... నీకు ఆ వాసన రాదు కదా. ఎప్పట్నుంచో రాదు. నీకు తెలుసనుకున్నా. అందరం అలాగే అనుకున్నాం."

బిడ్డ నోట్లో శాలువా కుచ్చులు తడిసి ఉన్నాయి. వెర్నా వాటిని లాగింది. పెదవులు చప్పరించలేదు. అరికాలి మీద వేలితో కొట్టింది. కాలు ముడుచుకోలేదు. ఛాతీ ఒకసారి లేచింది. తర్వాత లేవలేదు. ఆమె తన ఊపిరి బిగబట్టుకుని చూస్తూ ఉంటే, చాలాసేపటికి, ఎవరో బలవంతాన లేపినట్టు, మళ్లీ లేచింది.

"ఫోన్ చెయ్యి మెర్వ్. అంబులెన్స్. తలుపులు తెరువు, అన్నీ తెరువు."

శాలువా, దాని కింద ఉన్ని చొక్కా, టోపీ, మేజోళ్లు, అన్నీ లాగి వరండాలోకి విసిరింది. నగెట్ లేచి దూరం జరిగింది. బిడ్డ ఒంటిని మామూలు సబ్బు నీళ్లతో తుడుస్తుంటే చేతుల్లో తడిబట్టలా వేలాడింది. ఫోన్లో అవతలి మనిషి, అంబులెన్స్ బయలుదేరిందనీ, ఊపిరి ఆడుతూ ఉంటే హైవే దాకా ఎదురు రమ్మనీ చెప్పింది. మెర్వ్ తన కొత్త చొక్కా విప్పి బిడ్డను అందులో చుట్టాడు. వెర్నా చేతులు చాపింది.

"నువ్వొద్దు," అన్నాడు మెర్వ్.

"నా మనవరాలు."

"నీ ఒంటి నిండా అదే ఉంది వెర్నా. నీ జుట్టు, నీ స్వెట్టర్... నువ్వు బండి నడుపు."

మెర్వ్ కారునే నడిపింది. అతను బనీను మీదే పక్కన కూర్చుని, అద్దాలన్నీ దించి, బిడ్డ ముఖాన్ని గాలి వైపు పెట్టి పట్టుకున్నాడు. మంచులో రోడ్డు నాలుగు బారల కంటే ముందుకు కనిపించడం లేదు. రెండు పక్కలా జామాయిల్ పొదలు, కోసినవీ, కోయనివీ, ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్నవి, వరుసగా ఎదురొచ్చి వెనక్కి పోతున్నాయి.

"చెప్తూ ఉండు," అంది వెర్నా.

"ఆడుతోంది... ఆడుతోంది... ఆగు." మెర్వ్ బిడ్డ వీపు రాశాడు. "ఆగు... ఏయ్, ఏయ్ చిట్టీ... ఆఁ, ఆడుతోంది."

ఆ 'ఆగు' దారి పొడవునా ఎన్నోసార్లు వచ్చింది.

హైవే మలుపులో అంబులెన్స్ నీలం దీపం కనిపించింది. దిగిన అమ్మాయి బిడ్డ ముఖానికి చిన్న మాస్క్ పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం తగిలింది?"

"నీలగిరి నూనె. నాదే. శాలువా నిండా ఉంది. కుచ్చులు చప్పరించింది."

"ఎంత పోశారు?"

వెర్నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు, చెప్పడానికి నిజమూ లేదు.

"తెలీదు. వాసన వచ్చేదాకా పోశాను," అంది.

ఎడీ బతికింది. కొన్నాళ్లు గొట్టాల మధ్య ఉంది. తర్వాత ఒక ఉదయం, సూది గుచ్చబోయిన డాక్టరును చూసి వార్డు దద్దరిల్లేలా ఏడ్చింది. వెర్నా ఆ ఏడుపు వినలేదు. ఆమెను ఆ వార్డులోకి రానివ్వలేదు. ఆసుపత్రి వాళ్లు అలా అడిగారు, తాలియా ఔనంది.

తాలియా ఒక్కసారి బయటకు వచ్చింది. అరవలేదు.

"మాట తప్పావా వెర్నా?"

"లేదు. ఒట్టు. పైఅరలో సీసా దించనే లేదు."

"తెలుసు. తప్పి ఉంటే కోప్పడేదాన్ని, నువ్వు ఏడ్చేదానివి, అయిపోయేది. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నేనూ రోజూ దాన్ని ఎత్తుకుంటూనే ఉన్నాను, నాకూ తెలీలేదు. ఆ ఇంటికి మళ్లీ ఎలా తీసుకురాను?"



వెర్నా ఇంటికి వచ్చి ఉన్నిబట్టలన్నీ పెరట్లో కుప్ప పోసింది. ఏది ఉతికిందో, ఏది ఉతకనిదో, దేనికి వాసన ఉందో, దేనికి పోయిందో తేల్చుకోలేక ఒక్కొక్కటీ ముఖానికి ఆనించుకుంది. మెర్వ్‌ను పిలిచి చూడమంది. మెర్వ్ నాలుగు చూశాడు, ఐదోదాని దగ్గర ఆగిపోయాడు.

"నాకూ పోయింది వెర్నా. వచ్చి వారమైంది కదా," అన్నాడు.

మొత్తం కుప్పను తగలబెట్టారు. మంట నీలంగా లేచింది. బాయిలర్ మళ్లీ రాజెయ్యలేదు. బాన మూత మీది బంకమట్టి ఎండి, పెళ్లలుగా రాలడం మొదలైంది. హామిష్ బెండిగోలో పని వెతుక్కుని, అక్కడే ఇల్లు తీసుకున్నాడు. వెర్నా కర్టెన్లు మార్చింది, పరుపు మార్చింది, వాసన లేని సబ్బు తెప్పించుకుని చర్మం ఎర్రబడేలా రుద్దుకుంది, జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఇన్ని చేశాక కూడా ఏది మిగిలిందో, ఏది పోయిందో ఆమె తనంతట తాను చెప్పలేకపోయేది. ఇంకొకరు చెప్పాలి.

వసంతంలో తాలియా కబురు పెట్టింది. బెండిగోలో ఇంటి పక్క పార్కుకు రమ్మంది. ఆరుబయట. వెర్నా కొత్త నూలు గౌను కొనుక్కుని, దుకాణంలోనే మార్చుకుని వెళ్లింది. హామిష్ మడత కుర్చీలు వేశాడు. ఎడీ తండ్రి ఒళ్లో గుండ్రంగా, బుగ్గలు ఎర్రగా, పిడికిలి ఊపుతూ ఉంది.

తాలియా ఎదురొచ్చి, దారిలోనే ఆగి, వెర్నా చెయ్యి పట్టుకుని మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మెడ దగ్గర, ఆ తర్వాత చెవి వెనక. ఎంతోమంది తల్లులకు నూనె రాసి, వాసన కుదిరిందా అని ఎంతో ఓపికగా చూసినట్టే చూసింది.

"చెప్పు," అంది వెర్నా.

"ఇంకా వస్తోంది."

"కాస్తయినా తగ్గిందా?"

తాలియా చెయ్యి వదల్లేదు. "తగ్గిందేమో. వస్తోంది వెర్నా."

ఎడీకి ఎందుకో కోపం వచ్చి గట్టిగా ఏడ్వసాగింది. హామిష్ తల్లి వైపు చూసి, బిడ్డను పక్కకు తీసుకెళ్లబోయి కుర్చీలోంచి సగం లేచాడు. వెర్నా కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది. చెట్ల ఆకులు ఎటు ఊగుతున్నాయో ఒకసారి తలెత్తి చూసి, తన కుర్చీ ఎత్తుకుని, గాలి బిడ్డ మీంచి తన వైపు వీచే దిక్కున, దూరంగా వేసుకుని కూర్చుంది.